రొటుమను భాషయందలి వర్ణవ్యత్యయము

పసిఫిక్ మహాసముద్రమున ఫిజీదీవుల కుత్తరమున రొటుమా యను చిన్నదీవి గలదు. 1881 వ సంవత్సరమున నాంగ్లేయుల యధీనమైన యాదీవి నేఁడు ఫిజీరాజ్యమున భాగము. అందలి జనుల భాష ఆస్ట్రొనీషియను కుటుంబములోనిది. మతప్రచారకుఁడగు చర్చివార్డు 1940 లోఁ బ్రకటించిన వ్యాకరణనిఘంటువు దీనికిఁ బ్రమాణగ్రంథము.

ఈ భాషలోఁ జాలపదములకు రెండేసి రూపములు గలవు. వానికిఁ జర్చివార్డు పూర్ణరూపము, అపూర్ణరూపము నని పేరిడెను. ‘హొస’ యనఁగాఁ బుష్పము; దాని యపూర్ణరూపము ‘హొఅస్’. ‘ఎప’ యనఁగాఁ జాప. దాని యపూర్ణరూపము ‘ఎఅప్’. తుదియచ్చు తనముందరి హల్లును దాఁటి లోపలికిఁ జొచ్చినది. కొన్నింట నచ్చులు రెండును గలసి క్రొత్తయచ్చు పుట్టును. లాగుట యను నర్థముగల ‘ఫుతి’ తుదియికారమును గోల్పోవునపుడు, పెదవు లుకారమునకువలె గుండ్రముగా నుండఁగా నాలుక యికారస్థానమున నిలుచును.

వ్యత్యయము తెలుఁగువారికిఁ గ్రొత్తగాదు. తమిళమున ‘ఉరల్’ అనునది తెలుఁగున ‘రోలు’. అయిన నిది యెన్నఁడో జరిగి ముగిసిన మార్పు. రొటుమనులో నన్ననో రెండురూపములును నొక్కనోటనే నిత్యము వెలువడుచున్నవి.

పూర్ణరూపము నిశ్చితార్థమును, అపూర్ణరూప మనిశ్చితార్థమును దెలుపునని చర్చివార్డు మతము. ‘చాపలు తేఁబడును’ అను వాక్యమున ‘ఎప’ యన్నచో నాచాపలనియు, ‘ఎఅప్’ అన్నచోఁ గొన్నిచాప లనియు నర్థము. ఉదాహరణము సరియే. కాని యర్థమే యీ మార్పునకుఁ గారణ మనరాదు. విశేషణము వెనుకవచ్చునపుడు విశేష్యము నిశ్చితమైనను గాకున్నను నపూర్ణరూపమునే పొందును. అర్థభేదము పదసముదాయముయొక్క కడపటిపదమునందే తోఁచును. ఈ నియమము నాతఁడే గుర్తించెను. కావున రూపభేదము మొదట ధ్వనిధర్మము; అర్థము దాని నుపయోగించుకొన్నది.

1994 లో బ్లెవిన్సు ఈ విషయమును రెండుమాత్రల గణముపై నిలిపి వివరించెను. ఛందస్సు నెఱిఁగినవారి కిది సులభగ్రాహ్యము. ‘హొస’ రెండులఘువులు. ‘హొఅస్’ లోని యచ్చులు రెండును నొక్కయక్షరముగాఁ బలుకఁబడుటచే నది యొకగురువు. అక్షరము తగ్గినది, మాత్ర తగ్గలేదు.

ఇట్లుండ ‘అపూర్ణ’మను పేరు తగినది కాదు, లఘుద్వయము గురువగుటయే యిందలి రహస్యము. అయినను జర్చివార్డు గ్రంథమునకు లోటులేదు. ఆతని సిద్ధాంతమును సవరించుటకు వలయు సాధనములుగూడ నాతని గ్రంథముననే యున్నవి.