ఇష్టముల లెక్కలో మనిషి పోలిక

హనుమకొండలో ఒక విద్యార్థి మేడారము జాతర చిత్రమును చూచి ఫేస్‌బుక్కులో "లైకు" నొక్కినాడనుకొన్నచో, ఆ నొక్కు అతనిని గురించి ఏమి తెలుపును? భక్తుడనియా, ఆ అడవుల దాపున పుట్టినవాడనియా, లేక మేనమామ పెట్టిన బొమ్మను మర్యాదకు మెచ్చినాడనియా? ఇట్టి ప్రశ్నలకు గణితముతో జవాబు చెప్పబూనిన పరిశోధనలలో మిక్కిలి పేరొందినది 2013లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడినది. కర్తలు కొసిన్‌స్కీ, స్టిల్‌వెల్, గ్రేపెల్. దీనిని ఉదహరించువారు పెక్కుమంది. అందలి అంకెలను సరిగా చదివినవారు మాత్రము తక్కువ.

పద్ధతి చక్కనిది. 58,466 మంది అమెరికనులు తమంతట తాము ఇచ్చిన లైకులను ఒక పెద్ద మాత్రికగా పేర్చి, దానిని నూరు అంశములకు కుదించి, ఆ అంశములనుండి వ్యక్తి లక్షణములను ఊహించిరి. తన్ను గురించి ఒక్క మాటయు వ్రాయనివాని పోలికను సైతము ఇట్లు కొంతవరకు గీయవచ్చునని చూపుట ఈ పరిశోధన సాధించిన నిజమైన ఫలితము.

చిక్కు అంకెలతో వచ్చినది. స్త్రీ పురుష భేదమునకు 0.93 అని యున్నది. నూరుమందిలో 93 మందిని గుర్తించునని దీని అర్థము కాదు. ఒక స్త్రీని, ఒక పురుషుని జతగా ముందుంచి, వీరిలో స్త్రీ ఎవరని అడిగినచో నూటికి 93 మార్లు సరిగా చెప్పునని మాత్రమే. పొగత్రాగువారి విషయములో ఇదే కొలత 0.73. ఒక పాఠశాలలో 1,000 మంది విద్యార్థులు, వారిలో 30 మంది సిగరెట్టు కాల్చువారు ఉన్నారనుకొనవచ్చును. ఇంతటి శక్తిగల కొలత సుమారు మూడింట రెండు వంతులు, అనగా 20 మందిని పట్టుకొనును. కాని కాల్చని 970 మందిలో మూడవ వంతును, ఇంచుమించు 323 మందిని, అకారణముగా దోషులుగా చూపును. పట్టుబడిన 343 మందిలో నిజమైనవారు 20 మందియే! ఈ లెక్కను పదవ తరగతి పిల్లలే వేయగలరు, వేయించవలెను కూడ.

బుద్ధికుశలతకు గుర్తుగా తేలినవానిలో "ఉరుముల వానలు", "చుట్టలు తిరిగిన బంగాళాదుంప వేపుడు" అను లైకులు కలవు. వేపుడునకు, బుద్ధికి కారణసంబంధము లేదు. ఆ సమూహములో ఆ కాలమున రెండును కలిసివచ్చినవి, అంతే. అమెరికాలో కుదిరిన ఆ పొంతనను వరంగల్లుకు తెచ్చుట, ఒక ఊరి తూకపురాయితో మరియొక ఊరి బంగారమును తూచుటవంటిది.

ఇంతకన్న పెద్ద లోటు వేరొకటి. ఊహ యంతయు ఎవరి లైకులు వారివి అన్న లెక్కపై నడచినది. స్నేహితుల వల అందు చేరలేదు. ఆ వల ఎంత విశాలమో 2018లో కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారము బయటపెట్టినది. అందు వాడిన ప్రశ్నావళి వేరొక పరిశోధకునిది. ఫేస్‌బుక్కు సంస్థయే తెలిపిన లెక్క ప్రకారము, భారతదేశములో దానిని తమ ఖాతాకు జతపరచుకొన్నవారు 335 మంది. వారి స్నేహితులగుటచే సమాచారము పోయియుండవచ్చునన్నవారు 5,62,120 మంది. ఒక్కొక్కరి వెనుక 1,600 మందికి పైగా! తన పుటకు తాళము వేసికొన్నవాడును స్నేహితుని తలుపుగుండా బయటపడినాడు. ఉపాధ్యాయులు పిల్లలకు "రహస్యపదము భద్రము" అని చెప్పి ఊరకుండుట అందుకే చాలదు. తరగతి చిత్రములో ఒకడు నలుగురి పేర్లు జతచేసినచో, ఆ నలుగురి పాఠశాల, స్నేహబృందము, రమారమి వయస్సు ఒక్కసారిగా తెలిసిపోవును.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి నడవడిని వెంబడించి గమనించుటను, వారిని గురిచేసి ప్రకటనలు చూపుటను నిషేధించినది. 2025 నవంబరులో ప్రకటించిన నియమములు దాని అమలునకు 18 నెలల గడువిచ్చినవి. అయితే ఇంటిలో ఉన్నది ఒకే ఫోనైనచో, అది తల్లి పేరనున్నచో, సాయంకాలము పిల్లవాడు నొక్కిన లైకులన్నియు పెద్దమనిషి లెక్కలోనే పడును.