నిలబడి తాగిన నీళ్లు

తుమ్మితే ఏమనాలి, ఆవులింత వస్తే ఏం చేయాలి, నీళ్లు ఎన్ని గుక్కల్లో తాగాలి, పళ్లెంలో చేయి ఎంతవరకు పోవచ్చు: ప్రవక్త ముహమ్మద్ మాటలనూ చేతలనూ చెప్పే హదీసుల్లో ఇలాంటి ఒంటి మర్యాదలకు పెద్ద చోటే ఉంది. ఇమాం బుఖారీ (మరణం 870) తన హదీసు సంకలనం ‘సహీహ్’లో తిండికి, పానీయాలకు, అదబ్‌కు (మర్యాదలకు) విడివిడిగా అధ్యాయాలు పెట్టారు. అది చాలక మర్యాదల కోసమే ‘అల్ అదబుల్ ముఫ్రద్’ అని మరో పుస్తకం కూర్చారు. అయితే నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలోకి ఇవి పుస్తకాల్లోంచి వచ్చినవి కావు. ఉర్దూ మాట్లాడే వాళ్లకు దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర, తెలుగే ఇంటి భాషైన దూదేకుల కుటుంబాలకు అన్నం కంచం దగ్గర, పెద్దల నోట విని వచ్చినవి. నోటి మాటగా వచ్చినప్పుడు ‘చెయ్యి’, ‘చెయ్యకు’ అన్నవి మిగులుతాయి. ఎవరితో, ఎక్కడ, ఏ సందర్భంలో అన్నది దారిలో రాలిపోతుంది. దాన్ని ఏరి తేవడమే వ్యాఖ్యాత పని.

నిలబడి తాగకూడదన్న మాటనే తీసుకోవచ్చు. నంద్యాల బస్టాండు బయట టీ బంకు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడక తప్పదు. వలీమా (పెళ్లి) విందుల్లోకి బఫే కూడా వచ్చేసింది. ప్రవక్త సహచరుడు అనస్ చెప్పగా, హదీసు సంకలనకర్త ఇమాం ముస్లిం నమోదు చేసిన హదీసులో నిలబడి తాగడాన్ని ప్రవక్త వారించారని ఉంది. బుఖారీలో మరో దృశ్యం. కూఫా నగరంలో మరో సహచరుడు అలీ జనం ముందే నిలబడి నీళ్లు తాగి, ఇది కొందరికి నచ్చదు గానీ ప్రవక్త ఇలా తాగగా నేను చూశానని చెప్పారు. ప్రవక్త నిలబడే మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్లు తాగారని ఇంకో సహచరుడు ఇబ్నె అబ్బాస్ సాక్ష్యం. తిర్మిజీ హదీసు సంకలనంలో ఉన్న కబ్‌షా అనే మహిళ కథ ఇంకా ముచ్చటైనది. ఆమె ఇంట్లో వేలాడుతున్న తోలుతిత్తి మూతికే నోరు పెట్టి ప్రవక్త నిలబడి తాగారు. ఆయన పెదవి తాకిన ఆ మూతిని ఆమె కోసి దాచుకున్నారు. తిత్తి మూతికి నోరు పెట్టి తాగొద్దన్న హదీసు వేరే ఉంది మరి!

ఇన్ని సాక్ష్యాలు పక్కపక్కన పెట్టాక పండితులు విడిపోయారు. స్పెయిన్‌కు చెందిన ఇబ్నె హజ్మ్ (మరణం 1064) వారింపునే పట్టుకుని నిలబడి తాగడం నిషిద్ధమన్నారు. హదీసు వ్యాఖ్యాత నవవీ (మరణం 1277) మాట వేరు: వారింపు కూర్చుని తాగడం మేలని చెప్పడానికి, ప్రవక్త చేసింది నిలబడి తాగినా తప్పు కాదని చూపడానికి. రెంటిలో ఏదీ పారేయనక్కర్లేని దారి ఇదే కాబట్టి ఎక్కువమంది దీన్నే పట్టారు, అది సబబే. ఈ లెక్కన బంకు దగ్గర టీ తాగినవాడు పాపి కాడు. అలాగని ఇంట్లో పీట ఖాళీగా ఉన్నా నిలబడే తాగుతాననేవాడికి ఇందులో ఊతమూ లేదు.

బుఖారీ విషయంలో వ్యాఖ్యానం అధ్యాయాల శీర్షికల్లోనే మొదలవుతుంది. పాత్రలో ఊపిరి వదలొద్దని సహచరుడు అబూ ఖతాదా చెప్పిన హదీసు వెంటనే, అనస్ ‘పాత్రలో’ రెండు మూడుసార్లు ఊపిరి తీసేవారని, ప్రవక్త మూడుసార్లు తీసేవారని చెప్పేవారని ఉన్న హదీసు వస్తుంది. అరబీని ముక్కకు ముక్క తెలుగు చేస్తే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. రెండోదానికి బుఖారీ పెట్టిన శీర్షిక రెండు మూడు ఊపిళ్లలో తాగడం గురించి. అంటే నీళ్లు తాగుతూ మధ్యలో పాత్రను నోటి నుంచి తీసి ఊపిరి పీల్చుకోవడమన్నమాట. చిక్కు వీడిపోయింది. చెంబు పైకెత్తి పెదవికి తగలకుండా గొంతులో పోసుకునే మన పాత అలవాటులో పాత్రలోకి ఊపిరి పోయే ప్రశ్నే లేదు, కానీ గుక్క తిప్పుకోకుండా మొత్తం ఒంపుకుంటే ఆ మూడు ఊపిళ్ల మర్యాద తప్పినట్టే.

పళ్లెం సంగతీ అంతే. ఉమర్ బిన్ అబీ సలమా అనే పిల్లవాడి చేయి పళ్లెమంతా తిరుగుతుంటే, బిస్మిల్లా అని, కుడిచేత్తో, నీ ముందున్నదే తినమని ప్రవక్త నేర్పారు. అదే ప్రవక్త ఒక దర్జీ ఇంట విందులో సొరకాయ ముక్కల కోసం పాత్రలో నలువైపులా వెతికారని అనస్ చెప్పారు. ఎండు తునకలతో సొరకాయ వేసి వండిన పులుసు అది. రాయలసీమ వంటింటికి కొత్తదేమీ కాదు. తోటివాడికి ఇబ్బంది లేదని తెలిసినప్పుడు అలా వెతకవచ్చని బుఖారీ శీర్షిక సర్దుతుంది. పక్కవాడి ముద్దలో చేయి పెట్టకపోవడమే అసలు సంగతి. ఎవరి కంచం వారిదైన చోట ఆ నియమానికి పెద్దగా పని లేదు.

తుమ్ముకు ఆళ్లగడ్డలోనూ ‘చిరంజీవ’ అనే తల్లులున్నారు, తుమ్మితే ప్రయాణం ఆపి కాసేపు కూర్చునే పెద్దలూ ఉన్నారు. హదీసు మొదటిదానికి దగ్గర, రెండోదానికి ఎడం: తుమ్మినవాడు అల్‌హమ్దులిల్లా (అల్లాహ్‌కే స్తోత్రం) అంటే విన్నవాడు యర్‌హముకల్లా (అల్లాహ్ నిన్ను కరుణించుగాక) అనాలి, అశుభ శకునాలు మాత్రం లేవు. అల్‌హమ్దులిల్లా అననివాడికి ప్రవక్త దీవెన పలకలేదు. ఒకాయన మళ్లీ మళ్లీ తుమ్మితే అతనికి జలుబు చేసిందని ఊరుకున్నారు. ఆవులింత షైతాన్ నుంచి వస్తుందన్న మాటను అక్షరాలా తీసుకున్నవారున్నారు. నవవీ మాత్రం అది కడుపు పగలేలా తినడం మీద హెచ్చరిక అన్నారు. ఆవులిస్తే నోటి ముందు చిటికెలు వేసే మన అలవాటుకు హదీసులో జోడీ లేదు. అక్కడ చేయి నోటికి అడ్డం పెట్టమనే ఉంది.

మూత్ర విసర్జన దగ్గర సాక్ష్యాలే ఢీకొంటాయి. ప్రవక్త నిలబడి మూత్రం పోశారంటే నమ్మొద్దన్నారు ఆయన భార్య ఆయిషా. ఒక చెత్తకుప్ప దగ్గర అలా చేయగా చూశానన్నారు సహచరుడు హుజైఫా. ఆమె చెప్పింది ఇంట్లో చూసింది, ఆయన చెప్పింది బయట చూసింది అని పండితులు రెండూ నిలబెట్టారు.

ఇక మిస్వాక్, అంటే పళ్లు తోముకునే పుల్ల. నా సముదాయానికి కష్టం కాకపోతే ప్రతి నమాజుకూ పళ్లు తోముకోమని ఆజ్ఞాపించేవాడినని ప్రవక్త అన్నారు. కష్టమని ఆజ్ఞాపించలేదు కాబట్టి అది విధి కాదని ధర్మశాస్త్ర పండితుడు ఇమాం షాఫయీ తేల్చారు. అరాక్ చెట్టు పుల్ల శ్రేష్ఠమే అయినా, పళ్లను శుభ్రం చేసే గరుకైనదేదైనా సరిపోతుందని నవవీ రాశారు. ఆ మాట ప్రకారం పెరట్లో విరిచిన వేపపుల్లా చెల్లుతుంది.