చూపే చేయి, చెప్పే గొంతు: వైద్య శిక్షణ వ్యాఖ్యానంలో తెలుగు వాక్యం

వైద్య శిక్షణ చిత్రాలకు వెనకనుంచి వినిపించే వ్యాఖ్యానాన్ని మన విమర్శకులు పట్టించుకున్నది తక్కువ. అది సాహిత్యం కాదన్న మాట నిజమే. అయితే పుస్తకంలో వాక్యం బోధపడకపోతే మళ్లీ చదువుకోవచ్చు. వ్యాఖ్యానంలో మాట జారిపోతే బొమ్మ ముందుకు వెళ్లిపోతుంది. ఆ లోపం చివరకు రోగి ఒంటిమీద తేలుతుంది.

సరిహద్దు తెలుగువారికి ఈ విషయం మరీ ముఖ్యం. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని విభజించినప్పుడు దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. పొరుగున ఉన్న ముఖేడ్ నాందేడ్ జిల్లాతోపాటు బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు వెళ్లింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివినవారికి తెలుగు లిపి రాకపోవచ్చు. అటువంటివారికి తెలుగులో వైద్య విషయం అందే దారి చెవి ఒక్కటే.

ఐ.ఐ.టి. బొంబాయి వారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పథకంలో తల్లిపాలు, పోషకాహారం గురించిన పాఠాలున్నాయి. వాటిని మరాఠీ, తెలుగు మొదలైన భాషలలో వినిపిస్తున్నారు. బొమ్మ ఒకటే, గొంతు మారుతుంది. ప్రతి వాక్యానికీ ఎదురుగా నిమిషాలు, సెకన్లు వేసిన రాతప్రతి ఎవరికైనా అందుబాటులో ఉంటుంది. ఇది మెచ్చుకోదగిన పద్ధతి. కాని ఇందులోనే ఒక చిక్కు ఉంది: మూలవాక్యానికి పట్టిన కాలంలోనే తెలుగు వాక్యమూ ముగియాలి. ఆంగ్లంలో 'లాచ్' అన్న ఒక్క అక్షరానికి మనకు 'రొమ్ము సరిగా పట్టడం' కావాలి. చదివేవారు వేగం పెంచితే వినేవారు వెనకబడతారు.

అంతకన్నా పెద్ద సమస్య వాక్య నిర్మాణానిది. 'బిడ్డకు రొమ్ము పట్టించే ముందు నోరు పెద్దగా తెరిచిందో లేదో చూడాలి' అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కాని తెరమీద ముందు నోరు తెరుచుకుంటుంది, తరువాత రొమ్ము అందుతుంది. చెవికి వరుస తిరగబడింది. 'బిడ్డ నోరు పెద్దగా తెరిచాక, దగ్గరికి తీసుకొని, రొమ్ము పట్టించాలి' అంటే ఒక్కొక్క అసమాపక క్రియకు ఒక్కొక్క పని సరిపోతుంది. పనుల వరుస చెప్పడానికి తెలుగుకున్న సహజ బలం ఇది. అనువాదకులు దీన్ని వదులుకోవలసిన పని లేదు.

నిషేధం దగ్గర ప్రమాదం ఇంకా ఎక్కువ. ముఖేడ్ పేరు వైద్యరంగంలో వినిపించడానికి కారణం డాక్టర్ దిలీప్ పుండే చేసిన పాముకాటు చికిత్స. అందుచేత ఉదాహరణ అక్కడినుంచే తీసుకుందాం. 2000–2019 మధ్య భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. కట్టు బిగించడం, గాయాన్ని కోయడం తగవని ప్రథమ చికిత్స సూత్రం. 'కాటు పడిన చోటికి పైన తాడు బిగించి కట్టకూడదు' అన్నప్పుడు నిషేధం వాక్యం కొసన గాని రాదు. అదే సమయంలో తెరమీద తాడు కట్టే బొమ్మ ఉంటే, చివరి మాట పడేదాకా కన్నూ చెవీ రెండూ కట్టమనే చెబుతుంటాయి. 'తాడు వద్దు. కోత వద్దు. కాలు కదలకుండా ఉంచండి. వెంటనే దవాఖానకు తీసుకుపోండి' అంటే ఆ సందిగ్ధం ఉండదు.

పదాల ఎంపికలోనూ స్థలం చూడాలి. 'దవాఖాన' తెలంగాణ తెలుగుకూ మరాఠీకీ ఉమ్మడి మాట; ముఖేడ్‌లో 'వైద్యశాల' కంటే అదే మేలు. ఒకే రూపంలో ఉన్న సంస్కృత పదాలన్నీ అలా కలిసిరావు. 'ఉపచారం' మనకు సేవ, సపర్య. మరాఠీలో 'ఉపచార్' అంటే చికిత్సే. 'ఇంట్లో ఉపచారాలు చేయండి' అని వినిపిస్తే, మరాఠీ చదువుకున్న తెలుగు శ్రోత చికిత్స కూడా ఇంట్లోనే చేయమన్నారని అనుకునే ప్రమాదం ఉంది.

వ్యాఖ్యానాన్ని పరీక్షించడానికి విద్యార్థులకు ఒక చిన్న పద్ధతి: బొమ్మ ఆపి, మాట మాత్రమే వినిపించి, విన్నవారిని ఆ పని చేసి చూపమనండి. చేయి తడబడిన చోట వాక్యాన్ని తిరిగి రాయాలి. విన్నవారు ముఖేడ్‌వారైతే, ముఖేడ్‌లో మాట్లాడే తెలుగే అక్కడ ప్రమాణం.