పేరుపేరునా

పేరా, నీకు దణ్ణం. బారసాల నాడు బియ్యంలో రాయించుకున్నదానివి, దింపుడు కళ్ళం దగ్గర మూడుసార్లు చెవిలో పిలిపించుకున్నదానివి, ఆ పైన ఏటికొకసారి నువ్వులతో, నీళ్ళతో కలిసి వేళ్ళ సందుల్లోంచి జారినదానివి. నిన్ను వెతకబోయే ప్రతి ఒక్కరికీ కూడా దణ్ణం. చెన్నపట్నంలో, గడప బయట తమిళం, గడప లోపల తెలుగు మాట్లాడుకునే ఇంట్లో, తాతకు తాత ఎవరని ఒక పిల్ల అడిగిందంటే ఆ ఇంటికి ఆ రోజు మంచిరోజు.

వెతుకులాట బతికున్న నోటి దగ్గర మొదలు కావాలి. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది, ఎనభై దాటిన పెద్దమ్మ ఆగకపోవచ్చు. ఆమె పక్కన కూర్చోండి. గొంతు ఫోనులో ఎక్కించుకోండి. పెళ్ళిళ్ళ సంగతులు అడగండి, చావుల సంగతులు వాటి వెనకాలే వస్తాయి. మేనత్తలు ఎందరు, ఎవరిని ఏ ఊరికిచ్చారు, కాన్పుకు ఎక్కడికి వెళ్ళేవారు, ఇలవేల్పు ఎవరు, పుట్టువెంట్రుకలు ఏ గుళ్ళో తీయించేవారు? ఊరొదిలి నాలుగు తరాలైనా పుట్టువెంట్రుకలకు అక్కడికే వెళ్ళే ఇళ్ళున్నాయి. ఊరి పేరు మరిచిపోయిన ఇంటికి ఆ గుడే దారి చూపిస్తుంది.

మంత్రాలు చదివించుకునే ఇళ్ళలో పెళ్ళిపీటల మీద ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరాలు పలుకుతారు. తద్దినం నాడూ మూడు తరాలే. నాలుగో మనిషి మంత్రంలోంచి తప్పుకుంటాడు. నాయనమ్మ పేరు మంత్రం అడుగుతుంది, ఆమె పుట్టింటి పేరు మాత్రం అడగదు. మూడుముళ్ళు పడిన పూటే ఆమె గోత్రమూ ఇంటిపేరూ మారిపోయాయి. అందుకే నా మొర ఇది: ఆడవాళ్ళ పుట్టిళ్ళతో మొదలుపెట్టండి. పురిట్లో పోయిన మొదటి భార్యకు, పెళ్ళి కాకుండా వంటింట్లోనే ముసలిదైన మేనత్తకు, పదేళ్ళకే తాళి తెగిన పిల్లకు, పేరు పెట్టకముందే పోయిన పసిగుడ్డుకు మీ వంశవృక్షంలో ఒక్కొక్క కొమ్మ గీయండి. ఏ తర్పణమూ అందని వాళ్ళకు మీ కలం తడి అందాలి.

ఇంటిపేరా, ఈ పట్నం నిన్ను బాగా నలిపింది. అక్కడ, ఆంధ్రలో, మనిషి కంటే ముందు నువ్వు నడుస్తావు. ఇక్కడ బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరులోని తొలి అక్షరమే పిల్లవాడి పేరు ముందు కూర్చుంటుంది. తాతకు కె., తండ్రికి ఎస్., కొడుక్కి ఆర్. తరానికో పొడి అక్షరం, అంతే. సంబంధం కుదుర్చుకునే వేళ తప్ప నువ్వు బయటికి రావు. అయినా ఎంతమంది ఇంటిపేరులో ఒక ఊరు దాగి ఉందో! తండ్రి పేరు నిలబెట్టాలన్న తపన ఈ నేలకు కొత్త కాదు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇక్కడ ఇంగ్లీషు వాళ్ళకు చోటిచ్చాడు. పట్నానికి పడిన పేరు ఆయన తండ్రి చెన్నప్పదంటారు.

పెద్దవాళ్ళు అంకెల్లో చెప్పరు. ఎండెన్ గుండేసిన ఏడు అంటే 1914, సెప్టెంబరు 22 రాత్రి జర్మను ఓడ రేవు మీద గుళ్ళు కురిపించి నూనె ట్యాంకులు తగలబెట్టిన కాలం. పట్నం ఖాళీ అయినప్పుడు అంటే 1942, జపాను వాళ్ళు వస్తున్నారని జనం మూటలు కట్టుకుని పల్లెలకు పరుగెత్తిన కాలం. రక్తాక్షిలో పుట్టాడంటే 1864 కావచ్చు, 1924 కావచ్చు. అరవై ఏళ్ళకొకసారి అదే పేరుతో ఏడాది తిరిగొస్తుంది గనక పక్కన ఇంకో ఆనవాలు అడిగి తీరాలి. తాత పేరు మనవడికి పెట్టే మన ఆచారమూ అంతే: ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఏ సుబ్బయ్య ఎవరి సుబ్బయ్యో తేలేదాకా కలం ఎత్తి పట్టుకోండి.

తర్వాత ట్రంకుపెట్టె. పాత శుభలేఖలో ఎవరి పౌత్రుడో, ఎవరి దౌహిత్రియో ఉంటుంది. ఫొటో అట్ట మీద స్టూడియో ముద్ర, జాతకచక్రంలో తిథీ నక్షత్రమూ, చర్చికి వెళ్ళే ఇళ్ళలో కుటుంబ బైబిలు తొలి పుటలో బాప్తిస్మపు తేదీలు. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో కుడి చెంప మీద పుట్టుమచ్చ అన్న ఒక్క ముక్క చాలు, ఎన్నడూ చూడని మనిషి ముఖం మనవైపు తిరగడానికి.

ఆ తర్వాతే ఎగ్మోరు. అక్కడి ఎర్రటి భవనంలో 1909 నుంచి మద్రాసు ప్రభుత్వపు పాత కాగితాలు కాపురముంటున్నాయి. ఇప్పుడది తమిళనాడు ఆర్కైవ్స్. కోస్తా, రాయలసీమ 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోవే గనక మన ముత్తాతల భూమి లెక్కలు తమిళనేల మీద దొరికితే ఆశ్చర్యపడనక్కర్లేదు. కొన్ని తర్వాత ఆంధ్రకు వెళ్ళాయి, కొన్ని ఇక్కడే ఉండిపోయాయి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లు చూడండి: మాన్యం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, ఆ ఇద్దరికీ చుట్టరికం ఏమిటి? శిస్తు కోసం గీసిన గడుల్లో వంశం కూర్చుని ఉంటుంది. అడిగేటప్పుడు ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో తెలుసుకుని అడగాలి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ మీదట ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ఊరు కదల్లేదు, జిల్లాలే దాని మీదుగా కదిలాయి.

కావలి సోదరులారా, బొర్రయ్యా, లక్ష్మయ్యా, రామస్వామీ, మీకూ దణ్ణం. ఊళ్ళ చరిత్రలు సేకరించిన కర్నల్ మెకంజీ కొలువులో మీరు చేసిన పని, మీరు ఊరూరా పంపిన మనుషులు రాసి తెచ్చిన మాట, ఈ పట్నంలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో కైఫీయతులుగా మిగిలాయి. చెరువు ఎవరు తవ్వించారో, కరణీకం ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి మారిందో అందులో ఉంటుంది.

రాత లేని చోట గొంతు ఉంది. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు, కాపులకు, రెడ్లకు పిచ్చికుంట్లవారు, ఇప్పుడు వంశరాజులని పిలుచుకుంటున్నవారు. వీళ్ళంతా గోత్రాలు, కులపురాణాలు నోటనే మోసుకుని ఊరూరా తిరిగారు. వాళ్ళను అడుక్కునేవాళ్ళని చిన్నచూపు చూసిన ఊళ్ళు తమ తాతలనే చిన్నచూపు చూసుకున్నాయి. మీ ఊరికి ఇంకా ఎవరైనా వస్తుంటే ఈ ఏడే వెళ్ళి వినండి.

ఇక పొలమూ మాన్యమూ లేనివాళ్ళు. కూవం, అడయారు నదులను కలుపుతూ 1877–78లో కరువు పని కింద తవ్వించిన బకింగ్‌హాం కాలువ గట్లెంట వెతకండి. ఆ ధాత కరువులో గంజి కోసం మట్టి మోసినవాళ్ళ పేర్లు ఎవరు రాశారు? నెల్లూరు, ఒంగోలు పల్లెల నుంచి వచ్చి తెల్లారకముందే ఈ నగరం వీధులు ఊడ్చిన తెలుగు దళిత కుటుంబాలకు ఎగ్మోరులో శిస్తు లెక్కలు దొరకవు. వాళ్ళ ముత్తవ్వ ఆనవాలు ఏ జీతం పుస్తకంలోనో, పింఛను కాగితంలోనో, కార్పొరేషన్ జనన మరణాల రిజిస్టరులోనో ఒక్క వరుసగా ఉంటుంది. ఆ ఒక్క వరుసకు నేను చేతులెత్తి మొక్కుతాను. రాజుల వంశావళి కంటే నాకది బరువైనది.

సముద్రం దాటినవాళ్ళారా, మీ సంగతి చెప్పకుండా ఎలా ముగించను? 1860 అక్టోబరులో ఈ రేవు నుంచి కూలీల ఓడ ట్రూరో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది, 342 మందితో. 1911 దాకా డర్బన్ ఉన్న ఆ నేటాలుకు వెళ్ళిన కూలీలు 1,52,184 మంది. ఎక్కువ మంది ఎక్కింది చెన్నపట్నం రేవులోనే. ఓడ పట్టీలో ప్రతి మనిషికీ ఒక అంకె, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చ. ఆ ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి చిక్కినంత మేరకే కాగితం మీద పడింది. కళ్ళతో చదివితే అది ఏ పటంలోనూ కనబడదు. శ్రీకాకుళం వైపు మనిషి చేత ఒకసారి, చిత్తూరు వైపు మనిషి చేత ఒకసారి పైకి చదివించండి, ఎవరో ఒకరి నోట ఊరు ఊరుగా పలుకుతుంది. డర్బన్ నుంచి, మారిషస్ నుంచి, ఫిజీ నుంచి మీరు వచ్చే ముందు మీ ఇంట్లో మిగిలిన తెలుగు ముక్కలన్నీ, జోలపాట తునక అయినా, కూర పేరైనా, తిట్టు అయినా, రాసి పెట్టుకోండి. గోదావరి తిట్టు గోదావరిదే, ఆర్కాటు తిట్టు ఆర్కాటుదే. విన్నవాళ్ళు జిల్లా చెప్పేస్తారు.