సాగర్ మట్టం, ఒంట్లో లెక్క

వానలు పడితే చాలు, నరసరావుపేట ఆసుపత్రుల వరండాల్లో ఒకటే మాట: "ఇవాళ ఎన్నున్నాయండీ?" ప్లేట్‌లెట్ల సంగతి. నిన్న 42 వేలు, ఇవాళ 31 వేలు అనగానే మొహాలు వాడిపోతాయి. ఒకరు బొప్పాయి ఆకు రసం తెస్తారు, ఇంకొకరు రక్తదాతల కోసం ఫోన్లు తిప్పుతుంటారు. ఇన్నేళ్లుగా ల్యాబులో కూర్చుని ఆ అంకె చెప్పి పంపినవాణ్ని నేను. అదొక్కటే చాలదని ఇప్పుడు గట్టిగా చెప్పాలనుంది.

నాగార్జునసాగర్ మట్టం 520 అడుగులంటే పల్నాడు రైతు అక్కడితో ఊరుకోడు. ఇన్‌ఫ్లో ఎంత, ఔట్‌ఫ్లో ఎంత అని అడుగుతాడు. పైనుంచి నీరొస్తుంటే అదే 520 ధైర్యం, రాకపోతే దిగులు. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే మేమూ అదే అడగాలి: పుట్టడం లేదా, పుట్టినవి బతకడం లేదా?

ఎముక మూలుగలోని మెగాకారియోసైట్లనే పెద్ద కణాల నుంచి ఇవి తెగి రక్తంలోకి వస్తాయని 1906లో జేమ్స్ హోమర్ రైట్ చెప్పారు. వాటి ఆయుష్షు వారం, పది రోజులు. అప్పుడే పుట్టినదానిలో ఆర్‌ఎన్‌ఏ ఇంకా మిగిలి ఉంటుంది. 1969లో ఇంగ్రామ్, కూపర్‌స్మిత్ రక్తం కోల్పోయిన కుక్కల రక్తానికి రంగు వేసి ఈ పసి ప్లేట్‌లెట్లను పట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని మెరిసే రంగుతో మెషీనే వీటిని లెక్కపెట్టి, మొత్తం ప్లేట్‌లెట్లలో ఇవెంత శాతమో ఐపీఎఫ్ పేరుతో ఇస్తుంది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు ఒకటి నుంచి ఏడు. మెషీను మారితే హద్దులూ మారతాయి.

గురజాల వైపు నుంచి ఒకావిడ వచ్చింది. కాళ్ల మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, జ్వరం లేదు. ప్లేట్‌లెట్లు 9 వేలు. బ్లడ్ క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ వణికిపోతున్నారు. స్లైడు చూస్తే ప్లేట్‌లెట్లు అరుదుగా ఉన్నా కనిపించినవి పెద్దవి. మిగతా కణాలు బాగున్నాయి. ఐపీఎఫ్ 20 దాటింది. అంటే మూలుగ పనిచేస్తోంది, బయట ఒంటి రక్షణ వ్యవస్థే వాటిని తినేస్తోంది. ఐటీపీ అనే ఆ జబ్బే అనుకోవడానికి ఇది బలమైన ఆధారం. అదే ఐపీఎఫ్ తక్కువగా ఉండుంటే నా అనుమానం మూలుగ మీదికి పోయేది, ఏప్లాస్టిక్ అనీమియా లాంటి వాటి మీదికి. అయినా దీనొక్కదానితో జబ్బు పేరు రాయను. మైలోడిస్‌ప్లేసియా అనే మూలుగ జబ్బులోనూ ఐపీఎఫ్ పెరగొచ్చు, స్లైడు చూడాల్సిందే. శాతం చూసి మురిసిపోనూకూడదు: 9 వేలల్లో 20 శాతమంటే 1,800. రెండున్నర లక్షలున్న మనిషికి 4 శాతమే అయినా అవి 10 వేలు.

డెంగీలో ఇది మరీ అక్కరకొస్తుంది. చాలాసార్లు ఐపీఎఫ్ ముందు లేస్తుంది, ఒకటి రెండు రోజులకు సంఖ్య లేస్తుంది. ఆ రెండు రోజులే ఇళ్లవాళ్లు ప్లేట్‌లెట్లు ఎక్కించమని పట్టుబట్టేది. రక్తస్రావం లేని పెద్దవాళ్లకు, 20 వేలకు పడిపోయినా, ముందుజాగ్రత్తగా ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదని సింగపూర్, మలేసియాల్లో చేసిన ట్రయల్ తేల్చింది. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. "పుడుతున్నాయమ్మా, కనిపెట్టుకుని ఉందాం" అని ఆధారం చూపించి చెప్పగలగడం నాకు ఎంత ఊరటో!

ఒక్కటే చిక్కు. ఊదా మూత ట్యూబులో గంటలకొద్దీ ఉంటే ప్లేట్‌లెట్లు ఉబ్బిపోతాయి, కొందరివి గుంపు కట్టి లేని కొరతను చూపిస్తాయి. మాచర్ల నుంచి బస్సులో వచ్చే శాంపిల్‌తో నాకు ఎప్పుడూ ఇదే బెంగ. రక్తం తీసిన టైము ట్యూబు మీద రాయమనీ, అక్కడే ఒక స్లైడు కూడా వేసి పంపమనీ అక్కడి కుర్రాడికి చెబుతూ వచ్చాను. మొన్న సోమవారం ట్యూబు పక్కన కాగితంలో చుట్టిన స్లైడు వచ్చింది. మీద పెన్సిల్‌తో టైము: 7.10.