అక్షరదోషం, శాస్త్రదోషం

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని తార్నాక కూడలి ఉన్నది. ఉర్దూలో "తార్" అంటే తీగ, "నాకా" అంటే కాపలా చోటు. ముళ్ళతీగ కంచె దగ్గరి నాకా కనుక ఆ పేరు వచ్చిందని చెప్తారు. నోళ్ళలో నలిగి అది "తార్నాక" అయింది. చివర దీర్ఘం ఉంచి వ్రాసేవారు ఉన్నారు, తీసివేసి వ్రాసేవారూ ఉన్నారు. ఎట్లా వ్రాసినా బస్సు అక్కడే ఆగుతుంది. 2017లో వచ్చిన మెట్రో రైలూ అక్కడే ఆగుతుంది. ఊరి పేరులో ఒక దీర్ఘం పోయినంత మాత్రాన కలిగే నష్టం లేదు.

శాస్త్ర పదాల సంగతి అట్లా కాదు. పరీక్షల రోజులలో జిరాక్సు దుకాణాల ద్వారా చేతులు మారే నోట్సులోను, విద్యార్థులు ఫోనులలో ఒకరికొకరు పంపుకొనే ప్రశ్నోత్తరాలలోను ఇటువంటి వాక్యాలు తరచుగా కనిపిస్తాయి: "ప్రతి పదార్ధానికి ద్రవరాశి ఉంటుంది." "అయోడిన్-131 అర్థ జీవితకాలం 8 రోజులు." "గది ఉష్ణం 30 డిగ్రీలు." తెలిసినవాడు వీటిని సర్దుకొని చదువుకుంటాడు. తెలియనివాడు ఉన్నదున్నట్లు నేర్చుకుంటాడు. చిక్కు అక్కడే ఉన్నది.

సాధారణంగా తప్పులన్నిటినీ ఒకే రాశిగా పోసి, అన్నిటి క్రిందా ఒకే ఎర్రగీత గీయటం అలవాటు. ఈ అలవాటు సరియైనది కాదు. శాస్త్ర రచనలోని తప్పులు మూడు రకాలు. వాటి వల్ల కలిగే హాని కూడా మూడు విధాలు.

మొదటి రకం తప్పులో అక్షరం మారుతుంది గాని అర్థం మారదు. "విద్యార్థి"ని "విధ్యార్థి" అని, "భాష"ను "బాష" అని వ్రాయటం ఇటువంటిది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగినది. "ధ్రువం" అన్నది సరియైన రూపం; "ధృవం" అన్నది తప్పు. అయినా అది చదివి చంద్రుని మీద మరొక చోటు అనుకొనేవారు ఎవరూ ఉండరు. "శాస్త్రం"లో త వత్తు, ర వత్తు తారుమారై "శాస్ర్తం" అవుతుంటుంది. కంటికి రెండూ ఒక్కటిగానే తోస్తాయి. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. ఒకదానిని వెదికితే రెండవది దొరకకపోవచ్చు. ఇవి దిద్దవలసిన తప్పులే గాని, శాస్త్రాన్ని చెరిపేవి కావు.

రెండవ రకం ఇంతకంటె ప్రమాదకరం. ఇక్కడ ఒక అక్షరం మారితే మరొక నిజమైన మాట పుడుతుంది. "అర్థం" అంటే భావం. "అర్ధం" అంటే సగం. రేడియోధార్మిక పదార్థంలోని పరమాణువులు సగం విఘటనం చెందటానికి పట్టే కాలం అర్ధ జీవితకాలం. 80 మిల్లీగ్రాముల అయోడిన్-131 ఉంటే సుమారు 8 రోజులకు 40, 16 రోజులకు 20 మిల్లీగ్రాములు మిగులుతుంది. ఈ సగం అనే భావమే ఆ పదానికి ప్రాణం. "అర్థ" అని వ్రాస్తే ఆ ప్రాణమే పోతుంది. "పదార్థం"లో మాత్రం ఉండవలసినది "అర్థ"మే. పదం చేత చెప్పబడే వస్తువు కనుక అది పదార్థం. "పదార్ధం" అని వ్రాస్తే సగం పదం అవుతుంది.

ద్రవ్యం, ద్రవం అనే జంట కూడా అటువంటిదే. రాయికి ద్రవ్యరాశి ఉన్నది, కాని రాయి ద్రవం కాదు. యవత్తు ఒక్కటి జారితే రాయి నీరవుతుంది! పరిణామం అంటే క్రమంగా జరిగే మార్పు. పరిమాణం అంటే కొలత. గుర్రం యొక్క పరిణామ క్రమంలో దాని పరిమాణం పెరిగింది. ఈ వాక్యంలో రెండు మాటలనూ తారుమారు చేసి చూస్తే ఎంత గందరగోళమో తెలుస్తుంది. గ్రహం, గృహం అనే మాటలను గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ తప్పులకు విద్యార్థి అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. మాట్లాడేటప్పుడు చాలామంది వత్తక్షరాలను పలకరు. "అర్థం", "అర్ధం" చెవికి ఒక్కటిగానే వినిపిస్తాయి. ఇక కంటి సంగతి. "థ" నడుమ ఒక చుక్క ఉంటుంది, "ధ"లో ఉండదు. అంతకు మించి భేదం లేదు. అక్షరం వత్తుగా మారి చిన్నదైనప్పుడు, నకలుకు నకలు తీసిన కాగితం మీద ఆ చుక్క నిలవదు. ఇప్పుడు ఫోను కూడా తోడయింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేటప్పుడు "టి", "హెచ్" అనే జంటను కొందరు "త"కు, కొందరు "థ"కు వాడుతారు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కనుక, తప్పులు పట్టే యంత్రం కూడా ఊరుకుంటుంది.

మూడవ రకంలో అక్షరదోషం ఏమీ ఉండదు. మాట సరిగానే ఉంటుంది. అది చెప్పే వస్తువు వేరు. పైన చూపిన "గది ఉష్ణం 30 డిగ్రీలు" అన్న వాక్యం ఇటువంటిది. డిగ్రీలలో కొలిచేది ఉష్ణోగ్రత; ఉష్ణాన్ని జౌళ్ళలో కొలుస్తారు. చెంబెడు నీటిని, బిందెడు నీటిని 30 నుండి 60 డిగ్రీలకు కాచినప్పుడు ఉష్ణోగ్రతలో మార్పు సమానమే. కావలసిన ఉష్ణం మాత్రం వేరు. అట్లాగే "ఈ నెల 150 వాట్ల కరెంటు ఖర్చయింది" అంటారు. వాటు సామర్థ్యానికి కొలత. 1,000 వాట్ల హీటరు ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యేది ఒక యూనిట్, అనగా 36 లక్షల జౌళ్ళ శక్తి.

అన్నిటికంటె చిక్కైన మాట "అణువు". తార్నాక నుండి ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద, హబ్సిగూడలో, 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. పరిశోధనాలయం ఉన్నది. దాని పేరును తెలుగు చేస్తే "కణ, అణు జీవశాస్త్ర కేంద్రం" అవుతుంది. పత్రికలలో "అణుబాంబు", "అణు విద్యుత్తు" అన్న మాటలు చదివినవారికి ఈ పేరు భయం పుట్టించవచ్చు! పాఠ్యపుస్తకాలలో అణువు వేరు, పరమాణువు వేరు. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే నీటి అణువు. నీటిలోనికి విద్యుత్తును పంపి ఆ అణువులను విడగొట్టటం బడిలో గాజుపాత్రలో చేసే ప్రయోగమే. బాంబులో విడిపోయేది అణువు కాదు, యురేనియం వంటి మూలకపు పరమాణువులోని కేంద్రకం. పత్రికల వాడుక స్థిరపడిపోయింది. దానిని మార్చబూనటం వృథాశ్రమ. ఈ రెండు వాడుకలూ ఉన్నవని తరగతిలో ముందుగానే హెచ్చరించటం మాత్రం అవసరం.

ఇంతకూ ఈ తప్పులను దిద్దవలసినది ఎవరు? శాస్త్ర పదం కనుక తనది కాదని తెలుగు ఉపాధ్యాయుడు విడిచిపెడతాడు. అక్షరదోషం కనుక తనది కాదని సైన్సు ఉపాధ్యాయుడు విడిచిపెడతాడు. రెండవ రకం తప్పులు ఈ ఇద్దరి నడుమ నుండి జారిపోతున్నాయి. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ సిద్ధమయింది. అక్కడ శాస్త్ర పదాలను భాషాపండితులు, ఆయా శాస్త్రాలు తెలిసినవారు కలిసి కూర్చుని నిర్ణయించేవారు. 1948 తరువాత ఆ మాధ్యమం పోయింది గాని, ఆ పద్ధతిలోని వివేకం పాతబడలేదు. పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు నెలకొక గంట కలిసి కూర్చుని, తమ విద్యార్థుల వ్రాతలో కనబడిన జంట పదాలను గోడపత్రిక మీద వ్రాసి ఉంచితే చాలును.

మూల్యాంకనంలో కూడా వివేకం కావాలి. మొదటి రకం తప్పును దిద్ది వదలవచ్చు. రెండవ రకం కనబడితే విద్యార్థిని పిలిచి, "ఇది దేనిలో సగం?" అనో, "దీని ప్రమాణం ఏమిటి?" అనో అడగాలి. కిలోగ్రాములని చెప్పగలిగినవాడికి ద్రవ్యరాశి తెలుసు. తప్పినది చేయి మాత్రమే. చెప్పలేనివాడు పదాన్ని ఎంత అందంగా వ్రాసినా అతనికి పాఠం మళ్ళీ చెప్పవలసినదే. పబ్లిక్ పరీక్షలో ఇట్లా పిలిచి అడిగేవారు ఉండరు. అక్కడ కాగితమే మాట్లాడాలి. తెలిసినవాడు ఒక చుక్క వల్ల మార్కులు పోగొట్టుకోకుండా, తెలియనివాడు ఆ చుక్క చాటున దాగకుండా చూడవలసిన చోటు తరగతి గదియే.