రాయ్‌పూర్ రేషను: ఘనత యంత్రానిదేనా?

మీ వీధిలోని రేషను దుకాణంలో తూకం తగ్గుతోందనుకోండి. లేదా నెలకు నాలుగు రోజులే తలుపు తీస్తున్నారనుకోండి. మీరేం చేస్తారు? కిరాణా కొట్టయితే పక్క కొట్టుకు వెళ్తారు. రేషను దుకాణం దగ్గర చాలాకాలం ఆ వీలు ఉండేది కాదు. కార్డు ఏ దుకాణానికి రాసి ఉంటే అక్కడే సరుకు తెచ్చుకోవాలి. మనం ఎక్కడికీ పోలేమన్న సంగతి డీలరుకు బాగా తెలుసు.

దేశంలో ఈ ముడిని ముందుగా విప్పిన నగరాల్లో ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ ఒకటి. 2012లో అక్కడ 'కోర్ పి.డి.ఎస్.' అనే పద్ధతి మొదలైంది. ప్రచారంలో దానికి పెట్టిన పేరు 'మేరీ మర్జీ', అంటే 'నా ఇష్టం'. దీనిని కంప్యూటరు సాధించిన విజయంగా సభల్లోను, నివేదికల్లోను చెబుతూ వచ్చారు. ఆ మాటలో నిజమెంతో కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

యంత్రం చేసిన పని

బ్యాంకు ఖాతా ఒక శాఖలో ఉన్నా డబ్బు మరో శాఖలో తీసుకుంటున్నాం కదా! ఖాతా వివరాలన్నీ ఒకే కేంద్ర కంప్యూటరులో ఉండటం వల్ల అది సాధ్యమైంది. ఇక్కడా అదే సూత్రం. ప్రతి కుటుంబానికి ఈ నెల ఎంత సరుకు రావాలో, ఎంత తీసుకుందో కేంద్ర కంప్యూటరులో ఉంటుంది. దుకాణంలోని చిన్న యంత్రంలో స్మార్టు కార్డు పెడితే, అది మొబైల్ నెట్‌వర్కు ద్వారా ఆ లెక్క అడిగి తెలుసుకునేది. పేద కుటుంబాల దగ్గర ఆరోగ్య బీమా కోసం అప్పటికే ఉన్న స్మార్టు కార్డులనే ఇందుకు వాడుకున్నారు.

అసలు కీలకం ఇంకొకటి ఉంది. దుకాణానికి వచ్చే సరుకు అది చేసిన అమ్మకాన్ని బట్టి మారుతుంది. జనం విసిగి వేరే దుకాణానికి వెళ్తే ఆ డీలరు కమీషను పడిపోతుంది. ఫిర్యాదు చేయనక్కరలేదు, అధికారిని బతిమాలనక్కరలేదు. కార్డుదారు కాళ్లే ఫిర్యాదు చేస్తాయి. ఇది నిజంగా మెచ్చుకోదగిన ఆలోచన.

తేదీలు చెప్పే సంగతి

ఇక్కడే విజ్ఞాన శాస్త్రం నేర్పిన ఒక మామూలు నియమం గుర్తు చేసుకోవాలి. ఫలితం కారణం కన్నా ముందు రాదు.

ఆర్థికవేత్తలు జాఁ ద్రేజ్, రీతికా ఖేరా వంటివారు జాతీయ నమూనా సర్వేల ఆధారంగా అంచనాలు వేశారు. వాటి ప్రకారం 2004-05లో ఛత్తీస్‌గఢ్ రేషను ధాన్యంలో సుమారు సగం దారి మళ్లేది. 2009-10 నాటికి అది దాదాపు పదో వంతుకు దిగింది. దుకాణాల్లో యంత్రాలు వచ్చింది 2012లో. అంటే దొంగతనంలో ఎక్కువ భాగం యంత్రం రాకముందే తగ్గింది.

మరి ఏం జరిగింది? 2004లో ఆ ప్రభుత్వం రేషను దుకాణాలను ప్రైవేటు వ్యాపారుల నుంచి తప్పించి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించాలని నిర్ణయించింది. వ్యాపారులు కోర్టుకు వెళ్లినా వెనక్కి తగ్గలేదు. క్వింటాలుకు 8 రూపాయలున్న కమీషన్ను 30 రూపాయలకు పెంచింది. దొంగతనం చేయకపోతే దుకాణం నడవదనే పరిస్థితి తప్పింది. సరుకును దుకాణం గుమ్మం దాకా ప్రభుత్వ ఖర్చుతోనే చేర్చారు. లారీలకు పసుపు రంగు వేశారు. పక్కదారి పట్టిన బియ్యం లారీని ఎవరైనా గుర్తుపట్టవచ్చు! 2007లో బియ్యం కిలో 3 రూపాయలకే ఇచ్చి, ఎక్కువ కుటుంబాలను పథకంలోకి తెచ్చారు. 1983లో 2 రూపాయల బియ్యం చూసిన మనకు ఇందులోని బలం తెలుసు: ఎక్కువ మందికి అందేది ఆగితే ఎక్కువ మంది నిలదీస్తారు.

కంప్యూటరుకు ఇందులో పాత్ర లేదనడం అన్యాయం. 2007 నుంచే ధాన్యం కొనుగోలు, గోదాముల నిల్వలు, దుకాణాల కేటాయింపులు కంప్యూటరు లెక్కలోకి వచ్చాయి. లారీ బయలుదేరగానే, పేరు నమోదు చేసుకున్న పౌరులకు ఫోనుకు సందేశం వెళ్లేది. ఏ దుకాణానికి ఎంత సరుకు వచ్చిందో ఎవరైనా చూసుకునే వీలు కలిగింది. కాని ఆ కంప్యూటరు నిఘా పెట్టింది లారీ మీద, గోదాము మీద, దుకాణం మీద. బియ్యం కోసం వచ్చిన ముసలమ్మ మీద కాదు.

'మేరీ మర్జీ'కి హద్దులూ ఉన్నాయి. ఇష్టం అనేది రెండు మూడు దుకాణాలు దగ్గరలో ఉన్నచోటే పనికొస్తుంది. రాయ్‌పూర్ పేటల్లో అది కుదిరింది. ఒక్కటే దుకాణం ఉండి, ఫోను సిగ్నలు దొరకని బస్తర్ పల్లెకు దానివల్ల ఒరిగేది తక్కువ.

వేలు కుదరకపోతే?

ఎక్కడైనా సరుకు తీసుకునే సౌకర్యం తరువాత దేశమంతటికీ పాకింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య మొదలైంది. 2022లో ఛత్తీస్‌గఢ్ కూడా 'ఒకే దేశం, ఒకే రేషను కార్డు'లో చేరింది. మిరప కోతకు ఖమ్మం వైపు వచ్చే అక్కడి కూలీలకు ఇది మేలే. కాని ఈ పద్ధతికి ఆధారం కార్డు కాదు, ఆధార్ వేలిముద్ర. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచే ఇది అలవాటైంది.

రెండింటికీ తేడా ఉంది. కార్డును మనవడి చేతికిచ్చి పంపవచ్చు. వేలిని పంపలేం. పైగా వేలిముద్ర పోలిక ఎప్పుడూ సంభావ్యతే. గీటు కఠినంగా పెడితే అసలు మనిషినీ తోసిపుచ్చుతుంది, సడలిస్తే పరాయి మనిషినీ ఒప్పుకుంటుంది. రాళ్లు మోసి, నారు నాటి అరిగిన వేళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ. వందలో ఇద్దరికి కుదరలేదనుకుందాం. నివేదికలో 98 శాతం విజయం అని రాస్తారు. లక్ష కార్డులున్న పట్టణంలో ఆ మిగిలిన రెండు శాతం 2,000 కుటుంబాలు.

ఇది ఊహ మాత్రమే కాదు. జార్ఖండ్‌లో మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు, కొన్ని ప్రాంతాలను చీటీ తీసినట్లు ఎంపిక చేసి, వేలిముద్ర పద్ధతిని పరీక్షించారు. 2020లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ పద్ధతి ఒక్కదానితో ప్రభుత్వ ఖర్చు తగ్గలేదు. ఆధార్ జతకాని కుటుంబాలకు అందే సరుకు మాత్రం సగటున పదో వంతు తగ్గింది. తరువాత యంత్రపు లెక్కతో నిల్వలను సరిచూడటం మొదలుపెడితే దొంగతనం తగ్గింది. దానితోపాటు అర్హుల సరుకూ తగ్గింది.

గోడమీది తెరలు

ఇప్పుడు రాయ్‌పూర్‌కు తిరిగి వద్దాం. 2016 మేలో ప్రకటించిన స్మార్టు నగరాల జాబితాలో మన వరంగల్‌తో పాటు రాయ్‌పూర్ కూడా ఉంది. పక్కనే కట్టిన నయా రాయ్‌పూర్‌లో 2018 జూన్ 14న ప్రధానమంత్రి కమాండ్ కంట్రోల్ కేంద్రాన్ని ప్రారంభించారు. 2025 మార్చి 31న ఆ పథకం ముగిసేనాటికి నూరు నగరాల్లోనూ ఇలాంటి కేంద్రాలు వెలిశాయి. నీరు, కరెంటు, రోడ్లు, కెమెరాలు అన్నీ గోడమీది తెరల మీద కనిపిస్తాయి. నీటి గొట్టం పగిలిన సంగతి వెంటనే తెలియడం మంచిదే. కాని ఆ తెర ఎటు తిరిగి ఉంది? అధికారి వైపు. మన వీధికి నిన్న ఎన్ని గంటలు నీళ్లు రావాలో, ఎన్ని గంటలు వచ్చాయో మనం చూసుకునే తెర ఏది?

కనుక పాఠకులారా, మీ ఊళ్లో ఈసారి ఏ కొత్త యంత్రాన్ని ప్రారంభించినా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరిని కనిపెట్టి ఉంటుంది? దీని లెక్క ఎవరికి కనిపిస్తుంది? ఇది తప్పు చేసిన రోజు పస్తు ఎవరిది?

మూడో ప్రశ్నకు జవాబు దొరికేదాకా దుకాణంలో ఒక కాగితం రిజిస్టరు, ఒక పెన్ను ఉంచమనండి. యంత్రం ఒప్పుకోకపోయినా బియ్యం ఇచ్చి, సంతకం పెట్టించుకోమనండి. అదేమీ వెనకబాటుతనం కాదు.